రెక్కల వంతు

పోయిన వారం వెంకయ్యను ఇంటి అరుగు మీద మీసం దువ్వుకుంటుండగా వదిలిపెట్టాం. జపాను నుంచి వచ్చిన హయాషి గారికి పొలం ఇస్తానని మాట ఇచ్చేసి, ఆ సంబరంలో దువ్వుకుంటున్న మీసం అది. చిక్కల్లా ఆ పొలం ఆయనది కాకపోవడమే. అత్తసొమ్ము అల్లుడు దానం అంటారు గాని, ఈ ఇంట్లో కోడలి సొమ్ము మామ దానం. చీమకుర్తి దారిలో ఉన్న ఆ రాళ్ళచేను కోటిరత్నానికి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చింది. మిరప వేసినా పత్తి వేసినా అందులో విత్తనపు ఖర్చు కూడా తిరిగి రాలేదు. అలాంటి చేను నడుమ పడుకుని ఉన్న ఏనుగురాయిని కడిగి చూస్తే నల్లటి రాతిలో చుక్కలు మెరుస్తాయనీ, ఆ చుక్కల కోసం సముద్రాలు దాటి మనిషి వస్తాడనీ ఎవరూ కలగనలేదు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ అదే కల కంటున్నారు. ఇక కోటిరత్నం సంతకం ఒక్కటే తరువాయి.

సంతకం చెయ్యనని ఆమె అనలేదు. చేను మూల ఒక తుమ్మచెట్టు ఉంది. బారసాల కూడా కాకుండా పురిట్లోనే పోయిన ఆమె కూతుర్ని ఆ చెట్టు కింద పెట్టారు. ఆ మూలను మాత్రం తవ్వకుండా వదిలెయ్యాలని ఆమె కోరిక. మొగుడు ఆదెయ్యతో చెప్పుకుంది. ఆదెయ్య తండ్రి చెవిన వేశాడు. వెంకయ్య అంతెత్తున లేచాడు.

"శుభమా అని పని మొదలెడుతుంటే చచ్చినవాళ్ళ సంగతి ఎత్తుతారంట్రా? ఆ జపానాయన ముందు ఆ ఊసొచ్చిందంటే నా మీద ఒట్టే!"

అక్కడ ఆగింది కథ. తెల్లవారి హయాషి గారు భోజనానికి వచ్చారు.

వచ్చినాయన ఊరికే రాలేదు. ఒంగోలు లాడ్జీలో సాంబారు తిని తిని నాలుక మొద్దుబారిందనీ, ఇవాళ వంట తనే చేస్తాననీ, అందుకు కోడిరెక్కలు కావాలనీ అన్నారు. ఆ మాటను తెలుగులో చెప్పింది గురునాథం గారు. ఒంగోలు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరై, ఇప్పుడు హయాషి గారి వెంట దుబాసీగా తిరుగుతున్న పెద్దమనిషి.

"రెక్కలా?" అన్నాడు వెంకయ్య. "తొడలు అనబోయి రెక్కలు అనుంటాడు. మళ్ళీ అడగండి."

"అడిగానండీ. రెక్కలే."

"మా ఇంటికి చుట్టమొస్తే రెక్కలు పెట్టటమా? వెంకయ్య ఇంత పిసినిగొట్టా అని ఊరంతా నవ్వరూ?"

ఆయన బాధలో న్యాయం ఉంది. ఆ ఇంట్లో కోడిని కోస్తే ముక్కలకు వంతులుంటాయి. తొడలు అల్లుడికీ చుట్టానికీ. కార్జం, కందనకాయ ఇంటి పెద్దకు. మెత్తటి ముక్కలు మిగతా మగవాళ్ళకు. మెడ, వీపు, రెక్కలు వండిన ఆడవాళ్ళకు. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు, ఎవరూ తప్పింది కూడా కాదు. వెంకయ్య భార్య సుబ్బరావమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ రెక్కలే తింది. ఎప్పుడైనా ఆదెయ్య ఒక మంచి ముక్క ఆమె పళ్ళెంలో వెయ్యబోతే, "నాకు రెక్కలంటేనే ఇష్టం రా" అనేది. తల్లులు చెప్పే ఇలాంటి ఇష్టాలను నమ్మి హాయిగా భోంచేసే మగవాళ్ళు మన దేశంలో కోకొల్లలు.

చివరికి ఒప్పందం కుదిరింది. కూర మామూలుగా కోటిరత్నం వండుతుంది, తొడలు అతిథి విస్తట్లో పడతాయి, పరువు నిలుస్తుంది. రెక్కలు మాత్రం ఆయన సరదా. ఆయన ఇష్టం.

ఆ ఇంట్లో నీసు వంట పెరట్లోనే. పాక చూరు కింద మూడు రాళ్ళ పొయ్యి, దానికని విడిగా ఉంచిన మసిదాక. కోళ్ళను పొద్దున్నే కోయించి, ఈకలు పీకి, చొప్పమంట మీద కాల్చి, పసుపు రాసి కడిగి ఉంచారు. హయాషి గారు తెల్లచొక్కా చేతులు మడుచుకుని పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నారు. పక్కిళ్ళ గోడల మీద తలకాయలు మొలిచాయి. ఆ ఊళ్ళో అప్పటిదాకా జపాను అంటే చేతివాచీ, టేప్ రికార్డరు. ఆ జపాను ఇలా వచ్చి పుల్లలు ఎగదొయ్యడం వాళ్ళకు సినిమాకన్నా బాగుంది.

గురునాథం గారు గాలి వచ్చే వైపు కుర్చీ వేయించుకుని, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఆయన అరటిపళ్ళు, పాలు తప్ప అక్కడ ఏమీ ముట్టరు. ముక్కు మూసుకుని కోడి వంటను తర్జుమా చెయ్యాల్సి వస్తుందని కాలేజీలో ఉన్నన్నాళ్ళూ అనుకుని ఉండరు పాపం.

హయాషి గారు సంచిలోంచి నల్లటి సీసా ఒకటి తీశారు. మూత తియ్యగానే వాడరేవు ఒడ్డున ఎండబెట్టిన చేపల వాసన లాంటిది గుప్పుమంది. సోయా గింజల్ని ఉప్పువేసి ఊరబెట్టిన రసమనీ, అందులో చేప లేదనీ గురునాథం గారు చెప్పినా, గోడమీది తలకాయలు నమ్మలేదు. రెండో సీసా నిన్న సాయంత్రమే ఆదెయ్య చేతికిచ్చి భద్రం చెయ్యమన్నారట. ఆదెయ్య లోపలికి వెళ్ళి, మొహం ఇంత చేసుకుని, ఖాళీ సీసా పట్టుకొచ్చాడు.

అందరూ వెంకయ్య వైపు చూశారు. ఆయన తేలు కుట్టిన దొంగలా చూరు వాసాలు చూస్తున్నాడు.

"నిన్న సందేళ నుంచీ ఒకటే త్రేన్పులు," అంది సుబ్బరావమ్మ. "అప్పుడే అనుకున్నా."

"ఫారిన్ సరుకేమో అని ఒక్క గుటక వేశా. పానకంలా ఉంది. పానకమే గదా అని..." వెంకయ్య గొంతు సవరించుకున్నాడు. "తాగితే కైపన్నా ఎక్కలేదు. ఏం సారా అది?"

అది తాగే సారా కాదనీ, వంటలో వేసే తియ్యటి బియ్యపు సారా అనీ గురునాథం గారు విడమరిచి చెప్పారు. అప్పటిదాకా చిరునవ్వయినా నవ్వని హయాషి గారు కళ్ళు మూసుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వారు. ఆ నవ్వుతో ఆయన కొత్తమనిషి కాకుండా పోయారు.

"పంతులుగారూ," అంది కోటిరత్నం. "ఆ సీసా ఈ వంటలో ఏం చేస్తుందో అడగండి."

"తీపి ఇస్తుందట. ముక్క మీద మెరుపు తెస్తుందట. నీసువాసన తగ్గిస్తుందట."

"తీపికీ మెరుపుకీ బెల్లం ఉంది. వాసనకు అల్లం ఉంది. సీసా పోయిందని బాధపడొద్దని చెప్పండి."

"కోళ్ళో బెల్లమా?" వెంకయ్య అదిరిపడ్డాడు. "నువ్వు అరిసెలు వండుతున్నావా, కోడి వండుతున్నావా అమ్మాయ్?"

తాగింది నువ్వు, మాట్లాడకు అన్నట్టు సుబ్బరావమ్మ చూసింది. ఆయన అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

నాటుకోడి రెక్క మొండిది, ఆయన దేశపు కోడిలా నూనెలో వెయ్యగానే మెత్తబడదు. అందుకని ముందు అల్లం దంచి వేసి నీళ్ళలో ఉడకబెట్టమంది కోటిరత్నం. హయాషి గారు తల ఊపి పొయ్యి ఆమెకు వదిలారు. దాక మీద మూత పెట్టి, మంట తగ్గించి, ఇద్దరూ కూర్చున్నారు. ఉడికే వంట ముందు కూర్చున్న మనుషులకు మాటలు వాటంతటవే వస్తాయి.

"మా రాయి పట్టుకెళ్ళి ఏం చేస్తారో అడగండి పంతులుగారూ. మేడలు కడతారని మావయ్య చెప్పాడు."

గురునాథం గారు అరుగు వైపు ఒకసారి చూశారు. ప్రశ్న హయాషి గారికి చేరింది. ఆయన దాచుకోకుండా చెప్పారు. గురునాథం గారు గొంతు తగ్గించి, "సమాధులకమ్మా," అన్నారు.

కోటిరత్నం చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది.

హయాషి గారు చెప్పుకుపోతున్నారు, గురునాథం గారు వెనకాలే అందుకుంటున్నారు. భార్య పోయిందట. ఆమె మీద పెట్టిన రాయి కూడా ఇలాంటి నల్లరాయే. నున్నగా సానపట్టి నిలబెడతారు. వెళ్ళి నీళ్ళు పోసి తుడిస్తే అందులో తన మొహం తనకే కనిపిస్తుందట. ఈ రెక్కల వంట ఆమెది. బతికున్నన్నాళ్ళూ ఎలా చేస్తావని ఆయన ఎప్పుడూ అడగలేదు. పోయాక ఎవరెవర్నో అడిగి, చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నారు. ఆమె తిథినాడు వండి తీసుకెళ్ళి రాయి ముందు పెడతారు. కాసేపు కూర్చుని, తరవాత ఆ పళ్ళెంలోవి తనే తింటారు.

"మనం పెద్దలకు పెట్టుకున్నట్టే," అంది కోటిరత్నం మెల్లగా. ఆమెకు ఆ మనిషి మీద జాలి కలిగింది, జాలితో పాటు ధైర్యం కూడా కలిగింది. "పసిబిడ్డలు పోతే?"

గురునాథం గారు జేబురుమాలు తీసేశారు. అడిగారు. విన్నారు.

"చిన్న రాతిబొమ్మ పెడతారటమ్మా. దాని మెడకు ఎర్రగుడ్డ కడతారట, చలి వెయ్యకుండా."

కోటిరత్నం చేతిలో పుల్ల పొయ్యిలోకి తోసింది. ఆమె బిడ్డ పోయినప్పుడు తను పురిటి మంచం మీద ఉంది. మన ఊళ్ళలో పురిట్లో పోయిన బిడ్డను తల్లి వెంట వెళ్ళి సాగనంపదు. మగవాళ్ళు గుడ్డలో చుట్టి తీసుకుపోతారు, తిరిగొచ్చి స్నానం చేస్తారు, ఆ మాట మళ్ళీ ఎత్తరు. ఆదెయ్య అప్పుడు కనిగిరి సంతలో ఉన్నాడు. వెంకయ్య ఒక్కడే తీసుకెళ్ళాడు. లేచి తిరిగే ఓపిక వచ్చాక, ఎక్కడ పెట్టారని కోటిరత్నం అత్తను గుచ్చి గుచ్చి అడిగింది. తుమ్మచెట్టు కింద అంది అత్త. ఆనాటి నుంచీ ఆ చెట్టు మీద గొడ్డలి పడనివ్వలేదు కోటిరత్నం. చేలోకి వెళ్ళిన ప్రతిసారీ ముంతలో నీళ్ళు సగం తను తాగి, సగం అక్కడ పోసేది. అక్కడ కూర్చుని ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేనివి చెప్పుకునేది.

మూత తీసి చూస్తే రెక్కలు ఉడికాయి. నీళ్ళు వంచి, నూనెలో వేసి ఎర్రగా వేయించారు. ఇంకో మూకుట్లో బెల్లం, నల్లరసం, దంచిన అల్లం వెల్లుల్లి కలిపి మరిగించారు. ఇక్కడ ఇద్దరికీ చిన్న పేచీ వచ్చింది. ఆయన గరిటెతో మూకుడు అడుగున గీత గీసి, గీత పూడకుండా నిలిస్తే అయినట్టన్నారు. ఆమె గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, అందులో చుక్క వేసి, వేలితో చూసి, ఇంకా కాలేదంది. ఆయన మళ్ళీ గీశారు. ఆమె మళ్ళీ చుక్క వేసింది. గీత నిలిచినప్పుడే చుక్క కూడా నిలిచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెక్కలు అందులో పడి దొర్లాయి. పైన వేయించిన నువ్వులు చల్లారు. నల్లగా, ఎర్రగా, తడిగా మెరిసిపోతున్నాయి.

"కారం లేకుండా మావాళ్ళు ముట్టుకోరు," అని కోటిరత్నం సగం ముక్కల మీద గొడ్డుకారం జల్లింది. ఆయన వద్దనబోయి, అది ఎవరి పెరడో గుర్తొచ్చి ఊరుకున్నారు.

భోజనాలకు నడవాలో విస్తళ్ళు వేశారు. వెంకయ్య, ఆదెయ్య, మధ్యలో అతిథి. గురునాథం గారు ఎడంగా కుర్చీలో, ఒళ్ళో అరటిపళ్ళు, పక్కన కాగితాల సంచి. వెంకయ్య స్వయంగా లేచి పెద్ద తొడముక్క హయాషి గారి విస్తట్లో వేశాడు. పరువు నిలిచింది. ఆ తరవాత పక్కనున్న రెక్కను, చూద్దాం దీని సంగతి అన్నట్టు, రెండు వేళ్ళతో ఎత్తి కొరికాడు.

కాసేపు నమిలాడు. ఇంకొంచెం కొరికాడు.

"ఇదేందే..." అన్నాడు. "తీపీ ఉప్పూ కారం, మూడూ ఒకదాని వెనక ఒకటి తగులుతున్నయ్యే. ఇంకోటి వెయ్యమ్మాయ్."

హయాషి గారు కారం జల్లిన ముక్క పొరపాటున తీసుకుని, కళ్ళ నీళ్ళతో నవ్వుతూ తిన్నారు. ఆదెయ్య తలెత్తలేదు. తొడలు కూరలో మునిగి అలాగే ఉన్నాయి, రెక్కల పళ్ళెం మాత్రం ఖాళీ అవుతోంది. ఇన్నేళ్ళూ ఆడవాళ్ళ వంతుగా పడి ఉన్న ముక్క, రుచి తెలిసిన పూటే మగవాళ్ళ వంతైపోయింది. తలుపు చాటున సుబ్బరావమ్మ అదంతా చూస్తోంది. కోటిరత్నం వడ్డిస్తూనే, ఎవరూ చూడకుండా ఒక రెక్క తీసి గిన్నె బోర్లించి దాచింది.

మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి గురునాథం గారు సంచి విప్పారు. "భోజనం కాగానే అమ్మాయిగారి సంతకం అయిపోతే..."

"పంతులుగారూ, దానికి ముందు ఆయనతో ఒక మాట చెప్పాలి," అంది కోటిరత్నం.

"అమ్మాయ్!" వెంకయ్య గొంతు నడవా అంతా మోగింది. "ఒరేయ్ ఆదెయ్యా, ఒట్టేశానని చెప్పలేదంట్రా?"

ఆదెయ్య విస్తట్లోకి చూస్తూ, "చెప్పాను నాన్నా," అన్నాడు.

పరాయివాళ్ళ ముందు మామకు ఎదురుగా నిలబడి కోటిరత్నం ఎన్నడూ మాట్లాడలేదు. ఇప్పుడు గరిటె కింద పెట్టి మాట్లాడింది.

"చెప్పారు మావయ్యా. ఒట్టు మీరేసుకున్నారు, నేను వేసుకోలేదు. చచ్చినవాళ్ళ మాటెత్తితే అశుభమన్నారు. ఈయనొచ్చిందే చచ్చినవాళ్ళ కోసం. మన రాయి మేడలకు కాదు, సమాధులకు. ఆయనే చెప్పాడు."

"నోర్ముయ్! ఎవడన్నాడు?"

"అడగండి పంతులుగార్ని."

గురునాథం గారు తల దించుకున్నారు. అది చాలు సమాధానం.

"ఆయన పెళ్ళాం మీద రాయి ఉంది. దాన్ని కడుగుతాడు, దాంతో మాట్లాడతాడు, ఇదిగో ఈ రెక్కలే వండి పెడతాడు. నా బిడ్డకు నేను ఏం పెట్టాను? ఒక బొట్టు పెట్టలేదు. బొందపెట్టేటప్పుడు మొహం చూడనివ్వలేదు. పేరెత్తొద్దంటారు, ఎత్తటానికి దానికి పేరన్నా లేదు. ఆ తుమ్మచెట్టు మూల ఒక్కటి వదిలెయ్యండి. మిగతా చేనంతా తవ్వుకోండి, ఏనుగురాయిని పిండి చేసుకోండి, నేను ఒక్క మాట అనను. అదొక్కటే అడుగుతున్నా."

గురునాథం గారు పాఠం చెప్పినట్టు కాకుండా, ఆగి ఆగి, ఒక్కో మాటా హయాషి గారికి చెప్పారు.

హయాషి గారు చేతిలో ముక్క విస్తట్లో పెట్టారు. చెయ్యి కడుక్కుని వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, కోటిరత్నం ముందు నుదురు నేలకు తాకేలా వంగారు. ఆమె కంగారుపడి వెనక్కి జరిగింది. తరవాత ఆయన అన్న మాటలు గురునాథం గారు ఇలా చెప్పారు: "ఆ చెట్టు మూలకు మనిషి గాని, మిషను గాని పోదమ్మా. చుట్టూ తనే కంచె వేయిస్తారట. నువ్వు ఒప్పుకుంటే చిన్న రాయి చెక్కించి పంపుతారట, పసిబిడ్డలకు పెట్టేది."

కోటిరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది దుఃఖం కాదు, ఇన్నేళ్ళ తరవాత ఒకరు విన్నారన్న నిమ్మళం. ఆ ఏడుపులో ఆమె ఒక సంగతి గమనించలేదు. వెంకయ్య చెయ్యి మజ్జిగన్నంలో అలాగే ఆగిపోయింది. ఆయన మొహంలో కోపం లేదు. ఒట్టు తప్పిన కోడల్ని తిట్టాల్సిన మనిషి, తిట్లు మరిచిపోయినవాడిలా విస్తరి వైపు చూస్తున్నాడు. తలుపు చాటున సుబ్బరావమ్మ ఆ చూపు చూసింది.

అక్కడే, ట్రంకు పెట్టె మీద కాగితం పరిచి, కోటిరత్నం సంతకం చేసింది. గురునాథం గారు దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నారు. మద్రాసు తీసుకెళ్ళడానికి ఏనుగురాయి నుంచి ఒక పలక ఇవాళే పగలగొట్టించాలట. రాయి కొట్టేవాళ్ళు పొద్దుటి నుంచీ చేలో కాచుకుని ఉన్నారు. మగవాళ్ళంతా బయల్దేరారు. వెంకయ్య వాళ్ళకన్నా ముందే, తువ్వాలు కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

ఇల్లు సద్దుమణిగాక కోటిరత్నం అత్తకు అన్నం పెట్టి, బోర్లించిన గిన్నె తీసింది. దాచిన రెక్క చల్లారి, పాకం గట్టిపడి, ఇంకా మెరుస్తూనే ఉంది.

"ఇది మీ కోసం తీశాను అత్తయ్యా. తినండి. మీకు ఇష్టం గదా."

సుబ్బరావమ్మ దాన్ని పట్టుకుని చూసింది. "ఇష్టమా," అంది. "ఇష్టమో కాదో ఎవరడిగారే? నేనూ మరిచిపోయాను." కొంచెం కొరికి, పళ్ళెంలో పెట్టేసింది.

"బాలేదా?"

"బాగుంది. నాకే గొంతు దిగటంలా." ఆమె కళ్ళు నిండాయి. "ఇట్టా నాకని దాచి పెట్టినదానివి, నీకు నేను చేసింది తలుచుకుంటే ఎట్టా దిగుద్ది? రత్నం, ఇట్టా కూర్చో."

కోటిరత్నం కూర్చుంది.

"ఆ తుమ్మచెట్టు కింద ఏమీ లేదే."

కోటిరత్నానికి మొదట అర్థం కాలేదు. అత్త మొహం చూశాక అర్థమైంది.

"ఏమీ లేకపోవటమేంది? మీరే గదా చెప్పారు."

"చెప్పమన్నాడు మీ మామ. ఆ ఏడాది నక్కలు ఊళ్ళోకి వస్తున్నయ్యి. మెత్తటి నేలలో పెడితే తవ్వి లాగుతయ్యని, ఏనుగురాయి కడుపు కింద సందు ఉంది చూడు, అక్కడ పెట్టి, చుట్టూ రాళ్ళు పేర్చి వచ్చాడు. తెల్లారాక నేను పోయి పాలు పోసి వచ్చాను. నేను చూశానే."

"మరి నాకెందుకు..."

"నువ్వు ఎక్కడ, ఎక్కడ అని అడుగుతూనే ఉంటివి. చెబితే పోయి ఆ ఎండలో, ఆ బండ మీద పడి ఉంటావు, పచ్చి ఒంటితో. తుమ్మచెట్టు చెప్పు, అక్కడైతే ఏడ్చినా చల్లగా కూర్చుని ఏడుస్తుందన్నాడు. నాలుగు రోజులు పోయాక మరిచిపోతావనుకున్నాం. నువ్వు మరవలేదు. మేము చెప్పలేకపోయాం. ఇందాక నువ్వు ఏనుగురాయిని పిండి చేసుకోండి అన్నప్పుడు ఆయన మొహం చూశావా?"

కోటిరత్నం లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. కల్లాల్లో మిరపకాయలు తిరగబోస్తున్న కూలీలు పలకరించారు, ఆమెకు వినపడలేదు. మిరప ఘాటుకు కళ్ళు మండుతున్నాయో, వేరే ఎందుకు మండుతున్నాయో తెలియలేదు. ఇన్నేళ్ళూ నీళ్ళు పోసింది ఉత్త మట్టికి. మాటలు చెప్పుకుంది ఉత్త చెట్టుకి. ఆ చెట్టును కాపాడుకోవడానికి సంతకం పెట్టి, బిడ్డను తనే ఇచ్చేసింది. సుత్తి చప్పుడు వస్తుందేమోనని చెవులు చేను వైపే పెట్టి పరిగెత్తింది.

చప్పుడు రాలేదు.

చేను గట్టు ఎక్కేసరికి, రాయి కొట్టేవాళ్ళు సుత్తులు నేలకు ఆనించి నిలబడి ఉన్నారు. ఆదెయ్య తండ్రిని బతిమాలుతున్నాడు. "లే నాన్నా, ఏంది ఇది, నలుగురూ చూస్తున్నారు." వెంకయ్య లేవడం లేదు. ఏనుగురాయి కడుపుకు వీపు ఆనించి, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నెత్తిన గుడ్డ లేకుండా నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ వెనక్కి చాపి, రాయిని పట్టుకుని ఉన్నాడు. నిన్న మీసం దువ్వుకున్న మనిషేనా అనిపించేలా ఉన్నాడు.

కోటిరత్నం ఆయన ముందుకు వచ్చి నిలబడింది. ఆమె మొహం చూడగానే అంతా తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది.

"ఇక్కడ నీడ లేదమ్మాయ్," అన్నాడు వెంకయ్య. "అందుకే చెప్పలేదు."

హయాషి గారు గురునాథం గారి వైపు తిరిగి, పెద్దాయన ఏమన్నాడని అడిగారు. గురునాథం గారు కోటిరత్నాన్ని చూశారు, రాయిని చూశారు, చంకలో ఉన్న కాగితాల సంచిని గట్టిగా అదుముకున్నారు. పొద్దుటి నుంచీ ఒక్క మాట వదలకుండా తర్జుమా చేసిన మనిషి ఈ మాటను మాత్రం చెప్పలేదు.